రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్: ఇద్దరికి, 8 రాత్రులకి ప్లాన్ ఎలా వేసుకోవాలి?

ఈ ఎపిసోడ్‌లో ఇటలీ గురించి మాట్లాడుకుందాం. కానీ ఇది "రోమ్‌లో తప్పక చూడాల్సిన 10 ప్రదేశాలు" టైపు వీడియో కాదు. అలాంటివి ఇప్పటికే బోలెడున్నాయి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేస్తున్నారు, ఇద్దరికీ కలిపి ఒకేసారి దొరికే సెలవు మహా అయితే వారం, దాచుకున్న డబ్బు ఒక్క పెద్ద ట్రిప్పుకి సరిపోతుంది. మళ్ళీ ఇలాంటి ట్రిప్పు ఎప్పుడో తెలీదు. ఇలాంటప్పుడు రెండు మూడు ఊళ్ళు తిరిగే ప్లాన్ ఎలా వేసుకోవాలి, ఏది ముందు బుక్ చేయాలి, ఏది వదిలేయాలి, ఇదీ ఈరోజు విషయం.

మొన్న నా పాత ఆఫీసు ఫ్రెండ్ ఒకతను ఎక్సెల్ షీట్ పంపాడు. రంగులేసి, గంట గంటకీ లైన్ రాసి, చాలా నీట్‌గా చేశాడు. పారిస్ 2 రాత్రులు, ఇంటర్‌లాకెన్ 1, మిలాన్ 1, వెనిస్ 1, ఫ్లోరెన్స్ 1, రోమ్ 2. మొత్తం 8 రాత్రులు, 6 ఊళ్ళు, 3 దేశాలు. "ఎలా ఉంది బ్రో?" అన్నాడు. షీట్ సూపర్‌గా ఉంది, ట్రిప్పే బాలేదు అన్నాను.

ఎందుకో చెప్తాను. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి కాంటెక్స్ట్ స్విచ్ అంటే తెలుసు. ఒక పని ఆపి ఇంకో పని మొదలుపెట్టడానికి కొంత టైమ్ పోతుంది, ఆ టైమ్‌లో ఏ పనీ జరగదు. ఊరు మారడం కూడా సరిగ్గా అంతే. పొద్దున్నే పెట్టె సర్దాలి, చెక్ అవుట్ చేయాలి, స్టేషన్‌కి వెళ్ళాలి, రైలు ఎక్కాలి, దిగాక కొత్త ఊర్లో హోటల్ వెతుక్కోవాలి. అక్కడ గది ఇచ్చేది సాధారణంగా మధ్యాహ్నం 2 లేదా 3 గంటలకి. రైలు రెండు గంటలే అని షీట్‌లో రాసుకుంటాం గానీ, మొత్తం కలిపితే ఒక్కో మార్పుకి సులువుగా 5 గంటలు పోతాయి. మావాడి ప్లాన్‌లో 5 మార్పులు. అంటే 25 గంటలు. రోజుకి తిరగగలిగేది 11, 12 గంటలు అనుకుంటే, ఖర్చు పెట్టుకుని వెళ్ళిన ట్రిప్పులో రెండు రోజులకి పైగా పెట్టెలు లాగడానికే సరిపోయింది. పారిస్ నుంచి ఇంటర్‌లాకెన్, అక్కణ్ణుంచి మిలాన్ లాంటి దూరాలకి ఐదు గంటలు కూడా చాలవు.

అయినా అలాంటి ప్లాన్ ఎందుకు వేస్తాం? మన ఇళ్ళల్లో సంగతి మీకు తెలుసు కదా. తిరిగొచ్చాక పెద్దమ్మో బాబాయో అడిగే మొదటి ప్రశ్న, "అంత దూరం వెళ్ళి ఈఫిల్ టవర్ చూడకుండా వచ్చారా?" అనే. ఆ ప్రశ్నకి భయపడి సగం మంది ఊళ్ళు కలుపుకుంటూ పోతారు. ఇంకోటి, మళ్ళీ వెళ్తామో లేదో అన్న అనుమానం. ఆ అనుమానం నిజమే, కాదనను. కానీ మళ్ళీ రాలేం అనుకున్నప్పుడే కదా, చూసేదేదో నిదానంగా చూడాలి.

అందుకే నేను ఒక దేశం, మూడు ఊళ్ళు, రెండు మార్పులు అంటాను. రోమ్ 4 రాత్రులు, ఫ్లోరెన్స్ 2, వెనిస్ 2. ఇక్కడ రోజులు లెక్కపెట్టకండి, రాత్రులు లెక్కపెట్టండి. "వెనిస్‌లో రెండు రోజులు" అంటే ఎన్ని గంటలో ఎవరికీ తెలీదు. "రెండు రాత్రులు" అంటే మాత్రం మధ్యలో ఒక పూర్తి రోజు గ్యారంటీ. ఒక్క రాత్రి అంటే పూర్తి రోజు ఒక్కటీ లేదని అర్థం.

ఇప్పుడు క్యాలెండర్‌లో పెడదాం. శుక్రవారం ఆఫీసు అయ్యాక రాత్రి హైదరాబాద్‌లో బయలుదేరారు, దోహానో దుబాయో మారి శనివారం రోమ్‌లో దిగారు. శని, ఆది, సోమ, మంగళ రాత్రులు రోమ్. బుధ, గురు ఫ్లోరెన్స్. శుక్ర, శని వెనిస్. ఆదివారం వెనిస్ నుంచే వెనక్కి. సోమవారం ఇంటికి. సెలవులు ఎన్నయ్యాయి? మధ్యలో ఐదు, ఆ చివరి సోమవారం ఒకటి, మొత్తం ఆరు. ఆ సోమవారాన్ని మిగుల్చుకుందామని ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా లాగిన్ అయ్యేవాళ్ళున్నారు. వద్దండి, ఆ ఒక్క లీవ్ పెట్టేయండి.

వరస కూడా ఊరికే పెట్టింది కాదు. ఫ్లోరెన్స్‌లో ఉఫీజీ గ్యాలరీకి, మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ విగ్రహం ఉన్న అకాడమియాకి సోమవారం సెలవు. వాటికన్ మ్యూజియంలకి ఆదివారం సెలవు. నెలలో చివరి ఆదివారం మాత్రం తెరుస్తారు, అదీ ఫ్రీగా, అంటే జనం ఎలా ఉంటారో ఊహించుకోండి. పై ప్లాన్‌లో ఆదివారం కొలోసియం, సోమవారమో మంగళవారమో వాటికన్, ఫ్లోరెన్స్‌కి వెళ్ళేసరికి బుధవారం. ఏదీ అడ్డం రాదు. అదే తిరగేసి వెనిస్ నుంచి మొదలుపెడితే ఫ్లోరెన్స్‌లో దిగేది సోమవారం, రెండు పెద్ద మ్యూజియంలూ మూసి ఉంటాయి. ఇంకో సంగతి, పోప్ ఊర్లో ఉంటే బుధవారం పొద్దున సెయింట్ పీటర్స్ దగ్గర ప్రజల్ని కలుస్తారు. ఆ పూట చర్చి లోపలికి మామూలుగా వెళ్ళడం కుదరదు. ఏ దేశానికి వెళ్ళినా సరే, ఫ్లైట్ రేట్లు చూసే ముందు "వారంలో ఏ రోజు ఏది మూసి ఉంటుంది" అని ఒక్క పది నిమిషాలు చూడండి.

ఇక అసలు కష్టమైన భాగం, ఇద్దరు మనుషులు. మా ఆవిడకి మ్యూజియం అంటే ప్రతి బొమ్మ దగ్గరా ఆగి, పక్కన రాసింది మొత్తం చదవాలి. నాకు గంట దాటితే కాళ్ళు పీకుతాయి. సందుల్లో తిరగడం, ఏదో ఒకటి తినడం, అక్కడ కూర్చుని వచ్చేపోయేవాళ్ళని చూడటం, ఇదీ నా టూరిజం. ఇద్దరం ఒకే ప్లాన్‌లో ఇమడాలి. దీనికి మేము చేసేది చాలా సింపుల్. ఒకరిది ఒకరు చూడకుండా, ఇద్దరూ వేర్వేరు కాగితాల మీద మూడేసి రాస్తాం. "ఇది చూడకపోతే ట్రిప్పు వేస్ట్" అనిపించేవి మూడే. తర్వాత పక్కపక్కన పెడతాం. కలిసినవి ముందు ఫిక్స్. కలవనివి కూడా ఫిక్సే, వాటికి బేరాల్లేవు. ఎవరి లిస్టులోనూ లేనిది ఎంత ఫేమస్ అయినా సరే, టైమ్ మిగిలితేనే. పీసా టవర్ మా ఇద్దరి కాగితాల్లోనూ లేదు. ఫ్లోరెన్స్ నుంచి రైల్లో గంటే, కానీ వాలిన టవర్ని చేత్తో పట్టుకున్నట్టు ఫోటో కోసం సగం రోజు పోతుంది. మీ కాగితం మీద అది ఉంటే హాయిగా వెళ్ళండి, తప్పేం లేదు.

అలాగే ఒక పూట విడివిడిగా తిరగడం పెట్టుకోండి. మన దగ్గర ఇది వినగానే "జంటగా వెళ్ళి విడివిడిగా ఏంటి?" అంటారు. గురువారం మధ్యాహ్నం తను ఉఫీజీలో బొటిచెల్లి బొమ్మల ముందు మూడు గంటలు ఉంటుంది, నేను శాన్ లొరెంజో మార్కెట్ వైపు తిరుగుతాను, సాయంత్రం పియాజాలె మైకెలాంజెలో దగ్గర సూర్యాస్తమయానికి కలుస్తాం. ఇద్దరి దగ్గరా చెప్పుకోవడానికి కొత్త కబుర్లు ఉంటాయి. అలా కాకుండా నన్ను ఆ మూడు గంటలు లోపల కూర్చోబెడితే, రాత్రి డిన్నర్ ఎలా జరుగుతుందో నాకు తెలుసు.

ఇంకో మాట. చాలా జంటల్లో ఒకళ్ళే మొత్తం ప్లాన్ చేస్తారు, రెండోవాళ్ళు "నువ్వెలా అంటే అలా" అంటారు. వినడానికి మంచితనంలా ఉంటుంది. కానీ రైలు మిస్ అయినా, హోటల్ బాలేకపోయినా తప్పంతా ప్లాన్ చేసినవాళ్ళ మీదే పడుతుంది. పని పంచుకోండి. ఒకరు వీసా, ఫ్లైట్లు. ఇంకొకరు హోటళ్ళు, టికెట్లు. పాస్‌పోర్టు కాపీలు, బుకింగులు, ఇన్సూరెన్స్ మాత్రం ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి, నెట్ లేకపోయినా తెరుచుకునేలా. ఒక ఫోన్ పోతే ట్రిప్పు ఆగకూడదు.

ఫ్లైట్ విషయానికి వద్దాం. చాలామంది రోమ్‌కి రానూపోనూ టికెట్ తీసుకుంటారు. అప్పుడు చివరి రోజు వెనిస్ నుంచి రోమ్‌కి మళ్ళీ దాదాపు నాలుగు గంటల రైలు. బుకింగ్ సైట్లలో "మల్టీ సిటీ" అని ఒక ఆప్షన్ ఉంటుంది. అందులో హైదరాబాద్ నుంచి రోమ్, వెనిస్ నుంచి హైదరాబాద్ అని పెట్టి చూడండి. రెండు వన్‌వే టికెట్లు విడివిడిగా కొనకండి, అలా కొంటే రేటు బాగా పెరిగిపోవచ్చు. మల్టీ సిటీలో రేటు కొంచెం ఎక్కువ కనిపించినా, వెనక్కి వెళ్ళే రైలు ఖర్చు, పోయే పూట రెండూ కలిపి లెక్కేసుకోండి.

ఇప్పుడు వీసా. ఇక్కడే డబ్బు ఇరుక్కునేది, కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను. ఇటలీకి షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందు ఇచ్చేయాలి. రూల్ ప్రకారం 15 రోజుల్లో నిర్ణయం చెప్పాలి, కొన్ని కేసుల్లో 45 రోజుల దాకా వెళ్ళొచ్చు. ఫీజు 2024 జూన్ నుంచి పెద్దవాళ్ళకి 90 యూరోలు, సెంటర్ సర్వీస్ ఛార్జి అదనం. రిజెక్ట్ అయితే ఫీజు వెనక్కి రాదు. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోల కవరేజీతో ఉండాలి. పాస్‌పోర్టు మీరు యూరప్ నుంచి బయటికొచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి.

మీరిద్దరూ కలిసే వెళ్తున్నా, అప్లికేషన్లు మాత్రం రెండు. ఎవరి ఫారం వాళ్ళది, ఎవరి వేలిముద్రలు వాళ్ళవి. ఒకరికి వచ్చి ఇంకొకరికి రాకపోవడం జరగొచ్చు. అందుకే వీసా చేతికొచ్చేదాకా ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్న హోటళ్ళే తీసుకోండి, ఫ్లైట్ కూడా క్యాన్సిల్ ఛార్జీ ఎంతో చదివాకే బుక్ చేయండి. నాన్ రిఫండబుల్‌లో రెండు వేలు తగ్గుతుందని ఆశపడి, వీసా రాకముందే లక్షలు కట్టేయకండి. ఇద్దరిలో ఒకరు ఉద్యోగం చేయకపోతే, ఖర్చు ఇంకొకరు పెడుతున్నట్టు బ్యాంకు స్టేట్‌మెంట్లు, మ్యారేజ్ సర్టిఫికెట్ జత చేయాలి. పెళ్ళి ఫోటోలు, శుభలేఖ సరిపోవు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్ళి రిజిస్టర్ చేయించుకోకపోతే అన్నిటికంటే ముందు ఆ పని చూడండి.

ఏ దేశానికి అప్లై చేయాలి అన్నది కూడా చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. రెండు మూడు షెంగెన్ దేశాలు తిరుగుతుంటే, ఎక్కువ రోజులు ఉండే దేశానికి అప్లై చేయాలి. రోజులు సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. మావాడి పాత ప్లాన్‌లో ఇటలీ 5 రాత్రులు, పారిస్ 2, కాబట్టి ముందు పారిస్‌లో దిగినా అప్లై చేయాల్సింది ఇటలీకే. "ఫలానా దేశం స్లాట్ ఖాళీగా ఉంది, దానికి వేద్దాం, తర్వాత మీ ఇష్టం వచ్చిన చోటికి వెళ్ళండి" అని చెప్పే ఏజెంట్లు ఉంటారు. వినకండి. దిగిన చోట ఇమిగ్రేషన్‌లో హోటల్ బుకింగులు అడిగితే సమాధానం చెప్పాల్సింది మీరు, ఏజెంటు కాదు. పైగా ఈ మొదటి వీసా నిజాయితీగా వాడుకుంటే ముందుముందు లాభం ఉంది. 2024 ఏప్రిల్‌లో భారతీయుల కోసం మార్చిన రూల్ ప్రకారం, మూడేళ్ళలో రెండు వీసాలు తీసుకుని సరిగ్గా వాడినవాళ్ళకి రెండేళ్ళ మల్టిపుల్ ఎంట్రీ వీసా ఇచ్చే అవకాశం ఉంది. అంటే పారిస్ ఎక్కడికీ పోలేదన్నమాట.

పేర్ల గురించి ఒక్క మాట. మన తెలుగువాళ్ళ పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒక లైన్లో, పేరు ఇంకో లైన్లో, కొందరికి ఇంటిపేరు గడి ఖాళీ. బుకింగుల్లో ఇనీషియల్‌తో సరిపెట్టకుండా, పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు టైప్ చేయండి. ఎందుకంటే కొలోసియం టికెట్ కూడా పేరు మీద ఇస్తారు, గేటు దగ్గర ఐడీ చూస్తారు.

ఆ టికెట్ సంగతి చెప్తాను. క్రీ.శ. 80లో తెరిచిన కట్టడం చూడటానికి ఇవాళ్టికీ స్లాట్ కోసం పోటీయే. అధికారిక సైట్‌లో 30 రోజుల ముందు అమ్మకానికి పెడతారు. మామూలు టికెట్ 18 యూరోలు, అందులోనే రోమన్ ఫోరం, పాలటైన్ కొండ కూడా కలిసి ఉంటాయి. కాబట్టి మీ తేదీకి నెల ముందు రోజు క్యాలెండర్లో అలారం పెట్టుకోండి, తత్కాల్ బుకింగ్‌లో మనకున్న ట్రైనింగ్ అంతా ఇక్కడ పనికొస్తుంది. ఫ్లోరెన్స్ డ్యూమో గోపురం ఎక్కాలనుకుంటే దానికీ ముందే టైమ్ స్లాట్ తీసుకోవాలి. 463 మెట్లు, లిఫ్ట్ లేదు. మోకాళ్ళ నొప్పి ఉంటే కింద నుంచి చూడండి, అది కూడా అందంగానే ఉంటుంది. సెయింట్ పీటర్స్ చర్చికి టికెట్ లేదు, కానీ భుజాలు, మోకాళ్ళు కప్పి ఉండాలి. ఎండగా ఉందని షార్ట్స్ వేసుకుని వెళ్తే గుమ్మం దగ్గరే ఆపేస్తారు.

ఊళ్ళ మధ్య రైళ్ళు చాలా సుఖం. రోమ్ నుంచి ఫ్లోరెన్స్ గంటన్నర, ఫ్లోరెన్స్ నుంచి వెనిస్ రెండు గంటల పైచిలుకు. ట్రెనిటాలియా, ఇటాలో అని రెండు కంపెనీల ఫాస్ట్ రైళ్ళున్నాయి, ముందు కొంటే చవక, చివర్లో కొంటే బాగా ఎక్కువ. వీసా రాగానే మొదట కొనాల్సింది ఇవే. లోకల్ రైళ్ళకి మాత్రం రేటు మారదు, ఎప్పుడైనా కొనొచ్చు. కానీ కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు ప్లాట్‌ఫామ్ దగ్గర మెషీన్‌లో స్టాంప్ వేయించాలి. టికెట్ ఉండి కూడా ఫైన్ కట్టించుకునేది ఇక్కడే.

వెనిస్ దగ్గర ఒక పెద్ద నిర్ణయం ఉంది. ఊరి బయట నేల మీద ఉండే మెస్త్రేలో హోటళ్ళు చవక, రైల్లో పది నిమిషాలు. చాలామంది అక్కడే ఉంటారు. నేనైతే మిగతా రెండు ఊళ్ళలో తగ్గించుకుని, ఇక్కడ మాత్రం లోపలే ఉండమంటాను. పగలంతా వెనిస్‌లో కాలు పెట్టే చోటుండదు. ఒక్కరోజు కోసం వచ్చినవాళ్ళు సాయంత్రానికి వెళ్ళిపోతారు. రాత్రి తొమ్మిది తర్వాత, మళ్ళీ పొద్దున ఏడింటికి, బళ్ళ మోత ఎటూ లేని ఆ సందుల్లో నీళ్ళ చప్పుడు ఒక్కటే వినిపిస్తుంది. ఇద్దరే వెళ్ళినవాళ్ళకి వెనిస్ అంటే అది. పగటి కోసం వచ్చేవాళ్ళ మీద 2024 నుంచి కొన్ని రోజుల్లో 5 యూరోల ఎంట్రీ ఫీజు పెట్టారు, ఆలస్యంగా కట్టేవాళ్ళకి 2025లో అది 10 అయింది. రాత్రి బస చేసేవాళ్ళకి ఫీజు లేదు, కానీ ఆ రోజుల్లో సైట్‌లో మినహాయింపు నమోదు చేసుకోవాలి.

అక్కడ బస్సంటే పడవే. ఒక్క టికెట్ 75 నిమిషాలకి 9.50 యూరోలు. గొండోలాకి మున్సిపాలిటీ పెట్టిన రేటు పగలు అరగంటకి 90 యూరోలు, మనిషికి కాదు, పడవకి. ఇద్దరికీ ఆ కోరిక కాగితం మీద ఉంటే ఎక్కండి. లేకపోతే ఒకటో నంబర్ పడవ గ్రాండ్ కెనాల్ మొత్తం తిప్పుతుంది, సాయంత్రం పూట దాని ముందు సీట్లో కూర్చుంటే చాలు. ఇంకోటి, పెద్ద పెట్టెలు వద్దు. వెనిస్‌లో 400కి పైగా వంతెనలు, చాలావాటికి మెట్లే. ఎవరి చిన్న ట్రాలీ వాళ్ళు మోసుకోగలగాలి.

తిండి. శాకాహారులు జాగ్రత్త. కార్బొనారా, అమాత్రిచానా రెండింట్లోనూ పంది మాంసం ఉంటుంది. "మీట్ వద్దు" అంటే చేప వేసి తెచ్చే అవకాశమూ ఉంది, అందుకే చేప కూడా వద్దని విడిగా చెప్పండి. పార్మెజాన్, పెకోరీనో చీజుల్లో పాలు విరగ్గొట్టడానికి దూడ, గొర్రెపిల్లల కడుపులోంచి తీసే పదార్థం వాడతారు. గట్టిగా పాటించేవాళ్ళు చీజ్ లేకుండా మరినారా పిజ్జా అడగండి, టమాటా, వెల్లుల్లి, ఆలివ్ నూనె, అంతే. ఇంటి నుంచి కందిపొడి, కారప్పొడి పట్టుకెళ్ళొచ్చు. కానీ యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్ళకూడదు. కాబట్టి అత్తయ్య గారు ప్రేమగా పెట్టిన నెయ్యి సీసా, పాలకోవా, చికెన్ పచ్చడి మూడూ ఇంట్లోనే ఉంచేయండి.

హోటల్లో సిటీ ట్యాక్స్ అని మనిషికి రాత్రికి ఇంతని చివర్లో అడుగుతారు, అది మోసం కాదు, ఆ ఊరి పన్ను. హోటల్ స్టార్‌ని బట్టి మారుతుంది. హోటల్ బుక్ చేసిన రేటులో చాలాసార్లు అది కలిసి ఉండదు. రెస్టారెంట్ బిల్లులో "కోపెర్తో" అని కనిపిస్తే అది కూర్చున్నందుకు తలకింత. కార్డు గీకేటప్పుడు మెషీన్ "రూపాయలా, యూరోలా?" అని అడిగితే యూరోలే నొక్కండి, రూపాయలు నొక్కితే వాళ్ళ మార్పిడి రేటు పడుతుంది. రోమ్‌లో నీళ్ళ బాటిళ్ళు కొనక్కర్లేదు, వీధి కుళాయిల్లో వచ్చేవి మంచినీళ్ళే, ఖాళీ సీసా ఒకటి బ్యాగులో పెట్టుకోండి.

మా ఫ్రెండ్ పారిస్, ఇంటర్‌లాకెన్, మిలాన్ తీసేశాడు. వాళ్ళావిడ కాగితం మీద బురానో అని ఉందట, వెనిస్ పక్కన రంగురంగుల ఇళ్ళుండే చిన్న దీవి. మొదటి షీట్‌లో దానికి చోటే లేదు, ఇప్పుడు శనివారం పొద్దున దానికే ఇచ్చారు. ఇదే ప్లాన్‌కి ఇద్దరికీ రూపాయల్లో ఎంతవుతుంది, ఎక్కడ తగ్గించొచ్చు అన్న లెక్క వచ్చే ఎపిసోడ్‌లో ఫ్లైట్లు, హోటళ్ళు స్క్రీన్ మీద పెట్టి చూపిస్తాను. ఉంటానండి.